మొదటి బంతిలో చిన్నత్త

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పాత ఫోటో వచ్చి ఉంది. పెట్టినవాడు మా పెద్దబాపు కొడుకు. పెద్దబాపు అంటే మా బాపుకు అన్న, ఆ రోజుల్లో మా ఇంటికి పెద్ద. ఫోటోలో ఆయన పట్టు పంచె ఎగగట్టి, నడుం వంచి, తన చెల్లెలి విస్తరిలో అన్నం వడ్డిస్తున్నాడు. ఆ చెల్లెలు మా చిన్నత్త. మొదటి బంతిలో, సరిగ్గా నడుమ, నిటారుగా కూర్చుని ఉంది. ఫోటో కింద మా అన్న ఇలా రాశాడు: "ఎందరికో అన్నం పెట్టిన చెయ్యి. భర్త పోయిన చెల్లెలిని ఆ కాలంలోనే మొదటి బంతిలో కూర్చోబెట్టి స్వయంగా వడ్డించిన సంస్కర్త మా నాయన."

దాని కింద దండాలు, పూలు. ఒక కోడలు పిల్ల "ఉంటే ఇలాంటి అన్న ఉండాలి" అని రాసింది.

ఆ ఫోటో అంచున లంగా జాకెట్టు వేసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్ల ఒకతి ఉంది. అది నేను. చూసినవాళ్ళు సిగ్గుపడుతోంది అనుకుంటారు. నేను నవ్వు ఆపుకుంటున్నాను.

గ్రూపులో నేనేమీ రాయలేదు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. పోయినవాళ్ళ మీద ఇంకా కోపమెందుకని మా పిల్లలు అంటారు. వాళ్ళకేం, వాళ్ళు ఆ చెయ్యి చిన్నత్త కంచం లాక్కోవడం చూడలేదు. నేను చూశాను. అందుకే రాస్తున్నాను.

మా ఇల్లు వరంగల్ బీట్‌బజార్ వెనక సందులో ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక బర్రెల కొట్టం. దుకాణంలో పప్పులు, బెల్లం, చింతపండు, ఎండు మిరప. మిరప బస్తాలు దిగిన రోజు ఇంట్లో అందరం తుమ్ముతూనే మాట్లాడుకునేవాళ్ళం. చింతపండు పులుపు, పాత బెల్లం తీపి, గోనెసంచుల దుమ్ము కలిసిన ఒక వాసన మా బట్టలకు పట్టి ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల నన్ను వాసన చూసి "మీ ఇంట్ల ఎప్పుడు పులుసేనా?" అని అడిగేది.

చిన్నత్తను నెక్కొండకు ఇచ్చారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామ జ్వరమొచ్చి పోయాడు. పెద్దబాపు పోయి ఆమెను తీసుకొచ్చి వంటింట్లో పెట్టాడు. ఒక మనిషిని తెచ్చిపెట్టాడని ఎవరూ అనరు, కానీ ఆయన చేసింది అదే. పెద్దమ్మ, మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచారు, చిన్నత్త కూర్చుంది. ఆమె చేతిలో ఏదో ఉంది. సర్వపిండి పెడితే అంచులు కరకరలాడేవి, నడుమ మెత్తగా ఉండేది, నువ్వులు మాడకుండా ఎర్రబడేవి. పచ్చిపులుసు చేస్తే దుకాణంలో కూర్చున్న గిరాకీలు కూడా వాసన పట్టి "ఇయ్యాల మీ ఇంట్ల పచ్చిపులుసా సేటు?" అని అడిగేవాళ్ళు.

చేసేది ఆమె, తినేది మేము. ఆమెకు పగలు ఒక్క పూట భోజనం. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ తగలని చప్పటి పప్పు, అన్నం. రాత్రికి తడిపిన అటుకులు. వండినదాని ఉప్పు కూడా చూడొద్దు. అందుకని గరిటె పట్టుకుని నన్ను పిలిచేది. "ఇగో పిల్లా, ఉప్పు సరిపోయిందా చెప్పు." నేను నాకేదాన్ని. ఆమె నా మొహం చూసి ఉప్పో పులుపో వేసేది. ఆ ఇంట్లో ఆమె నాలుక నేనే.

నాకూ ఆ ఇంటి మీద నా కోపాలు నాకుండేవి. మగపిల్లలకు మీగడతో పాలు, మాకు నీళ్ళు పోసిన పాలు. గారెలు వాళ్ళకు వేడివి, మాకు మిగిలినవి. కాబట్టి చిన్నత్త పక్షం ఎందుకు పట్టావని నన్నెవరూ అడగనక్కర్లేదు.

పెద్దబాపు పెద్దబిడ్డను చూడ్డానికి హన్మకొండ నుంచి పెద్ద వ్యాపారుల కుటుంబం వచ్చింది. చిన్నత్త చీకటితో లేచి గారెలు, బూరెలు, పులిహోర, రెండు కూరలు చేసింది. వచ్చినవాళ్ళు తిన్నారు, ఇంటివాళ్ళు తిన్నారు. అందరిదీ అయ్యాక ఆమె కంచంలో రెండు గారెలు, కాస్త అల్లం పచ్చడి వేసుకుని పెరటి గడప మీద కూర్చుంది. గారెల్లో ఉల్లిగడ్డ ఉంది. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నన్ను చూసి కన్ను గీటి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్దబాపు వచ్చిన పెద్దమనుషులకు బర్రెలను చూపించడానికి పెరట్లోకి వచ్చాడు. ఆగి చూశాడు. వంగి, ఆమె చేతిలోని కంచం తీసుకున్నాడు.

"మొగడు సచ్చినా నీ నాలిక సావలేదా?" అన్నాడు.

అని, కంచాన్ని అట్లాగే తీసుకెళ్ళి బర్రెల కుడితి గోలెంలో బోర్లించాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన నవ్వాడు. తర్వాత ఇంకొకాయన నవ్వాడు. మా అమ్మ చూసి పొయ్యి వైపు తిరిగింది. మా బాపు గోడ వైపు చూశాడు. చిన్నత్త నోట్లో ఆ ముక్క ఇంకా ఉంది. ఉమ్మేస్తుందనుకున్నాను. ఆమె పెద్దబాపు వీపు చూస్తూ నెమ్మదిగా నమిలింది, మింగింది.

సాయంత్రం గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది.

"బిడ్డా, గీ ఊర్లె ఏమేం తిండి దొరుకుతదే?"

నాకు తెలిసినవన్నీ చెప్పాను. స్టేషన్ రోడ్డు మిర్చి బజ్జీలు, చౌరస్తాలో మసాల దోశ, మూలమీది హోటల్లో ఇరానీ చాయ్, గోలీ సోడా. నేను తిన్నవి తక్కువ, వాసన చూసినవి ఎక్కువ.

"అన్నీ తింట," అంది చిన్నత్త. "నువ్ నాకు తోడు రావాలె."

"పెద్దబాపుకు తెలుస్తే?"

"తెల్వాలెనే. గని నేను కడుపునిండ తిన్నంక తెల్వాలె."

ఆ వారంలో చిన్నత్తకు పన్నునొప్పి మొదలైంది. దవడకు గుడ్డ కట్టుకుని మూలిగింది. ఒంటరిగా దవాఖానకు పంపడం పెద్దబాపుకు ఇష్టం లేదు. మగవాళ్ళు పని మానుకుని పోవడం అంతకన్నా ఇష్టం లేదు. "పిల్లను తోల్కపో" అన్నాడు. జాకెట్లు కుట్టి దాచుకున్న పైసలు కొంగుకు ముడేసుకుని చిన్నత్త నా చెయ్యి పట్టుకుని బయటపడింది.

మొదట మిర్చి బజ్జీ. బండివాడు బజ్జీని నిలువునా చీల్చి, లోపల తరిగిన ఉల్లిగడ్డలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. చిన్నత్త గోడ వారగా నిలబడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, బజ్జీని మొహం ముందు పట్టుకుంది. "ఇది నీకే అన్నా" అని మెల్లగా అని కొరికింది. కారానికి కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆపలేదు.

"ఉల్లిగడ్డ గింత తియ్యగుంటదన్న సంగతే మర్శిపోయిన్నే," అంది.

ఇంటికి పోతూ లవంగాలు కొని నమిలింది. ఇంట్లో ఎవరికి వాసన తగిలినా పన్నుకు పెట్టిన మందు అనుకున్నారు. ఆ పన్ను చాలా రోజులు నొప్పి పెట్టింది.

చౌరస్తా హోటల్లో ఆడవాళ్ళ కోసం ఆకుపచ్చ పరదా కట్టిన గది ఉండేది. మసాల దోశ పళ్ళెం దాటి రెండు వైపులా బయటికొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇద్దరం కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాం. చిన్నత్త తన అన్నకు చెప్పవలసిన మాట చెప్పి ఒక చివర విరిచింది. లోపలి ఆలుగడ్డ కూరలో పసుపు పచ్చదనం, ఆవాలు, వేయించిన ఉల్లి. సాంబారును మాత్రం మెచ్చుకోలేదు. "బెల్లమేసిండు. పులుపు భయానికి బెల్లమేసెటోడు వంటోడేనా?" అంది. అయినా రెండోసారి పోయించుకుంది.

ఇరానీ హోటల్లో ఆడవాళ్ళు కూర్చోరు. చిన్నత్త కూర్చుంది. లోపలున్న మగవాళ్ళందరూ సాసర్లు నోటి దగ్గరే ఆపి చూశారు. గల్లా దగ్గరున్న ముసలాయన లేచి, ఒక కుర్చీ తుడిచి, "బైఠో అమ్మా" అని ఫ్యాను మా వైపు తిప్పాడు. చిక్కటి చాయ్‌లో బిస్కెట్ ముంచితే సగం చాయ్‌లోనే కరిగి అడుగున పడింది. దాన్ని వేలితో తీసి నాకింది చిన్నత్త. ఇంట్లో ఆమె పేరు మీద ఒక గ్లాసు, ఒక గిన్నె విడిగా ఉండేవి. ఇక్కడ ఆమె సాసర్ తర్వాత ఎవరికి పోయిందో ఎవరికీ పట్టలేదు.

నేను కూడా ఆమెను చూసి నేర్చుకున్నాను. గోలీ సోడా తాగేటప్పుడు "ఇది మీగడ పాలు తాగెటోళ్ళకు" అనేదాన్ని. గ్యాసు ముక్కులోకి ఎక్కి మంట పుట్టేది. అయినా బాగుండేది.

మామ తద్దినం వచ్చింది. నెక్కొండలో అత్తగారింటికి పోవాలి. దుకాణంలో మిరప సీజను, పెద్దబాపు కదల్లేడు. మమ్మల్ని ప్యాసింజరు రైల్లో ఆడవాళ్ళ డబ్బా ఎక్కించి, స్టేషన్‌కు ఎవరినైనా పంపమని అక్కడికి కబురు చేశాడు. ఆ ఇంట్లో చిన్నత్తకు ఏం జరుగుతుందో నాకు తెలుసు. పోయినసారి కూడా తోడు పోయాను. మూల గదిలో చాప మీద కూర్చోబెడతారు, ఎవరూ ఎదురు రారు, అందరూ తిన్నాక ఒక ముద్ద పడేస్తారు.

నెక్కొండ దగ్గర పడుతుంటే చిన్నత్త కిటికీ రేకు కిందికి దించింది. రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఆమె మరిది డబ్బా డబ్బాకూ వచ్చి "వదినా, ఓ వదినా" అని పిలుస్తున్నాడు. మా కిటికీ దగ్గర కూడా పిలిచాడు. చిన్నత్త వంగి నా కాలి పట్టీ సర్దుతున్నట్టు కూర్చుంది. రైలు కదిలింది. ఆమె రేకు పైకెత్తింది. గాలికి కొంగు జారిపోయినా సర్దుకోలేదు.

"అత్తా, మరి మామ తద్దినం?"

"మీ మామ మంచోడు బిడ్డా. వాళ్ళమ్మకు తెల్వకుంట రుమాలుల మిఠాయి దాసుకొచ్చి ఇచ్చెటోడు. ఆయనుంటె పో, తినిరా పో అనేటోడే."

డోర్నకల్లో దిగాం. జంక్షన్ కాబట్టి రైళ్ళు అక్కడ చాలాసేపు ఆగేవి, పనివాళ్ళు బొగ్గు, నూనె మరకల బట్టలతో తిరుగుతుండేవాళ్ళు. స్టేషన్ బయట రేకుల కింద ఒకామె పొయ్యి పెట్టుకుని ఆమ్లెట్లు వేస్తోంది. రైల్వేలో పనిచేసే మనిషి భార్య. గుడ్డు, మాంసం ముట్టని ఇంటి పిల్లను, నేను కోడిగుడ్డు పగలడం అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి ఆమె గ్లాసులో గిలకొట్టే చప్పుడు, పెనం మీద పడగానే లేచిన ఆ వాసన నాకు ఈ రోజుకీ గుర్తే.

ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మీరు తినెటోళ్ళ లెక్క లేరమ్మా."

"ఇయ్యాల్టి సంది తింటం," అంది చిన్నత్త.

బ్రెడ్డు మధ్యలో పెట్టి ఇచ్చింది. చిన్నత్త అన్న పేరు తీసుకుని కొరికింది. నాకు మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది, రెండోది దిగింది, మూడోదానికి ఇంకొకటి కావాలన్నాను. ఇంతలో ఇంజను మీది పనివాళ్ళు ఒక గుంపు వచ్చి పడ్డారు. ఆమె ఒక్కతే తట్టుకోలేక తిట్టుకుంటోంది. "ఎప్పుడొస్తరో తెల్వది, ఎప్పుడొచ్చినా ఆకలితోనే వస్తరు. నాకు రెండు చేతులేనాయె!"

చిన్నత్త కొంగు నడుముకు దోపి కూర్చుని ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెట్టింది. తిరుగు రైలు వచ్చేదాకా తరిగింది, వాళ్ళతో మాట్లాడింది, నవ్వింది. పొయ్యి దగ్గర ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే నెక్కొండ నుంచి మరిది మా ఇంటికి దిగాడు. పెద్దబాపు ముందు గదిలో చెక్క తక్తు మీద కూర్చుని మొదట నన్ను పిలిచాడు.

"నిన్న యాడికి పోయిన్రు?"

"పాలకుర్తి గుడికి," అన్నాను. నోటికొచ్చిన గుడి పేరు అది, అక్కడికి రైలే లేదు.

"రైలెక్కి పాలకుర్తి గుట్ట ఎక్కిన్రా?" అని చెంప మీద కొట్టాడు. చెవిలో గుయ్యిమంది. ఆ చెవి ఇప్పటికీ చలికాలం పోటెడుతుంది.

చిన్నత్త వచ్చి నన్ను తన వెనక్కి లాక్కుంది. "పిల్లను కొట్టకు. డోర్నకల్ పోయినం. ఆమ్లెట్ తిన్నం. మస్తుగున్నది."

పెద్దమ్మ చెవులు మూసుకుంది. మరిది లేచి నిలబడి తువ్వాల దులుపుకున్నాడు. పెద్దబాపు అరవలేదు. ఇల్లంతా పసుపు నీళ్ళు చల్లించి, చిన్నత్త చాప, దుప్పటి, గ్లాసు బర్రెల కొట్టం పక్క చూరు కిందికి పంపించాడు. వంటింట్లో అడుగు పెట్టొద్దు. గడప దాటొద్దు. ఎవరూ మాట్లాడొద్దు. పూటకొక విస్తరి అక్కడ పెట్టి రావాలి, అంతే. బజార్లో నలుగురికీ ఆయనే చెప్పుకున్నాడు, ఇంటి పరువు కాపాడుకోవడం ఎంత కష్టమో.

ఆ రోజు నుంచి పెద్దమ్మ వండింది. ఇంట్లో మగవాళ్ళ మొహాలు చూడాలి! అయినా నాకది చాలలేదు. పెద్దబాపు మంచినీళ్ళ చెంబులో ఉప్పు కలిపాను. ఆయన మొహం తుడుచుకునే తువ్వాలకు దుకాణంలోంచి తెచ్చిన మిరప దుమ్ము రాశాను. ఆయన కళ్ళు పట్టుకుని పెరడంతా తిరుగుతుంటే బర్రెల వెనక దాక్కుని చూశాను. మిరప బస్తాల దుమ్మనుకున్నారు. చిన్నత్త ఒక్కతే నా వైపు చూసింది.

గురువారం గురువారం పెద్దబాపు భజనకు పోయేవాడు. పాన్ నములుతూ వచ్చి, పెరట్లోనే నెత్తిమీద నీళ్ళు పోసుకుని గాని ఇంట్లోకి వచ్చేవాడు కాదు. ఎంత నిష్ఠ అని పెద్దమ్మ మురిసిపోయేది. ఒక గురువారం సాయంత్రం, దుకాణానికి పెద్ద గిరాకీ వచ్చాడని ఆయనను పిలుచుకురమ్మని బాపు నన్ను పంపాడు. భజన జరిగే ఇంట్లో ఆయన లేడు. వెతుక్కుంటూ మండిబజార్ వైపు పోతుంటే ఆయన కిర్రుచెప్పులు ఒక హోటల్ పరదా కింద కనిపించాయి.

పరదా సందులోంచి చూశాను. మిర్చి దలాలీలు ఇద్దరు ఇటూ అటూ. నడుమ పెద్దబాపు. ముందు పళ్ళెంలో బిర్యానీ, పక్కన మేక బొక్కల కుప్ప. ఒక బొక్కను నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చప్పుడు చేస్తూ మూలుగ పీలుస్తున్నాడు.

నేను ఆయనను పిలవలేదు. ఉరుక్కుంటూ ఇంటికి వచ్చి బర్రెల కొట్టంలోకి దూరాను.

"అత్తా! పెద్దబాపు బొక్క చీకుతాండు!"

చిన్నత్త నాతో మళ్ళీ చెప్పించుకుంది. అంతా విని, "రుచిగ తింటాండా?" అని అడిగింది.

"కండ్లు మూసుకొని తింటాండు."

ఆమె నవ్వింది. చూరు కిందికి వచ్చాక మొదటిసారి, బర్రెలు బెదిరేటట్టు నవ్వింది.

"పెద్దమ్మకు చెప్దాం అత్తా. బజారంత చెప్దాం."

"చెప్తె ఏమైతది? నాలుగు దినాలు ముచ్చట పెట్టుకుంటరు. మొగోడు, ఏదో తిన్నడంటరు. నాకు ముచ్చట ఎందుకు బిడ్డా? నాకు గావాల్సింది వేరే ఉన్నది."

వచ్చే గురువారం ఆమె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంట్లోంచి, దుకాణంలోంచి, ముందు గుమ్మంలోంచే నడిచింది. గల్లా దగ్గర మా బాపు ఉన్నాడు. ఆయన నోరు తెరిచాడు. చిన్నత్త ఆగి ఆయన కళ్ళలోకి చూసింది. బాపు తల దించుకుని, ఖాళీ తక్కెడలో రాళ్ళు వేసి తూచడం మొదలుపెట్టాడు. మా బాపు జీవితంలో అన్నకు ఎదురు చేసిన పని ఆ ఒక్కటే.

మండిబజార్ హోటల్లో ఆమె పరదా తీసింది.

"అన్నా, జర జరుగు."

పెద్దబాపు చేతిలోని ముక్క చేతిలోనే ఉండిపోయింది. దలాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచి పోయారు. చిన్నత్త ఆయన ఎదురుగా కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సర్వర్‌ను కేకేసింది. "అన్న ఏం తింటాండో నాకు గదే తీస్కరా. పిల్లకు చాయ్."

"లెవ్వు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం," అన్నాడు పెద్దబాపు గొంతు తగ్గించి.

"ఇంట్ల నాతోని ఎవ్వలు మాట్లాడొద్దని నువ్వే అంటివి గదన్నా."

పళ్ళెం వచ్చింది. అంతకు ముందు మాంసం వాసన కూడా పడని మనిషి ముద్ద కలిపి, ఆయన కళ్ళలోకి చూస్తూ తినడం మొదలుపెట్టింది. మెతుకు వదలకుండా తింది. ఆయన పళ్ళెంలో అన్నం చల్లారి నెయ్యి గడ్డకట్టింది.

"ఏం గావాలె నీకు?" అన్నాడు చివరికి.

"అన్నం గావాలె. రేపటి సంది నాకు అన్నం నువ్ వడ్డించాలె. నడింట్ల, అందరు సూడంగ, మొదటి బంతిల. అందరు తినేదే, ఉల్లిగడ్డ తోని. ఏదడిగితె అది తేవాలె. సాలు అనేదాక పెట్టాలె. లేకుంటె ఈ బిర్యానీ ముచ్చట హన్మకొండ దాక పోతది."

"బజార్ల నా తలకాయ ఎట్ల ఎత్తుకోవాలె?"

"నా అన్నం తలె నువ్ బర్రెల ముంగట బోర్లిస్తివి. నీ తలకాయ ముచ్చట నాకెందుకు?"

వచ్చేటప్పుడు మోరీ కాలువ పక్కన కూర్చుని తిన్నదంతా కక్కేసింది. నేను వీపు రాశాను. నోరు కడుక్కుని లేచింది.

"బిర్యానీ ఎట్లున్నదత్తా?"

"తెల్వలే బిడ్డా. వాని మొఖమే సూసిన."

మర్నాడు పెద్దబాపు గరిటె పట్టుకున్నాడు. మగపిల్లలు తినడం మరిచి చూశారు. చిన్నత్త బాసింపట్టు వేసుకుని కూర్చుని నెమ్మదిగా తినేది. ఆయన గిన్నె కింద పెట్టగానే పిలిచేది. "అన్నా, పచ్చిపులుసు." ఆయన వచ్చి పోసేవాడు. "ఇంకో గారె." తెచ్చేవాడు. "నెయ్యి గట్ల సుక్కలు సుక్కలు పోస్తవేందన్నా, మంచిగ పొయ్యి." పోసేవాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు ఆయన, మేమూ చెప్పలేదు. కొన్నాళ్ళకు మా అమ్మ వచ్చి చిన్నత్త పక్కన కూర్చుంది. ఆయన ఆమెకూ వడ్డించాల్సి వచ్చింది. తర్వాత మా పాలలో నీళ్ళు తగ్గాయి.

ఊరు మాత్రం వేరేగా అనుకుంది. చెల్లెలికి చేత్తో వడ్డించే అన్న అని బజారంతా పొగిడింది. ఆయనకు సంస్కర్త అని పేరొచ్చింది. నిజం చెప్పి ఆ పొగడ్తను కాదనలేడు, చెప్పకుండా దాన్ని మింగలేడు. బిడ్డ లగ్గంలోనైనా తప్పించుకుందామని చూశాడు. వియ్యంకులు, దలాలీలు, నెక్కొండ వాళ్ళు అందరూ కూర్చున్న చోట, చిన్నత్త మొదటి బంతి నడుమకు పోయి కూర్చుని ఆయన వైపు చూసింది. అంతే, చూసింది. ఆయన గిన్నె పట్టుకుని వచ్చాడు. ఫోటోగ్రాఫర్ అప్పుడే బల్బు వెలిగించాడు.

లగ్గం అయ్యాక చిన్నత్త డోర్నకల్ వెళ్ళిపోయింది. ఆమ్లెట్లామె, ఆమె కలిసి మెస్సు పెట్టారు. ఎండాకాలం సెలవులన్నీ నేను అక్కడే గడిపాను. కొత్త రుచి ఎవరు చెప్పినా చిన్నత్త వదిలేది కాదు. రైలు పనివాళ్ళు ఏ ఊరి నుంచి ఏం తెచ్చినా రుచి చూసి, పేరు అడిగి, వండి చూసేది. మటన్ కూర కూడా నేర్చుకుంది, ఇష్టంగా తినడమూ నేర్చుకుంది. తినే ముందు అన్నను తలచుకోవడం మాత్రం మానలేదు.

చివరికి కలిసిపోయారా అని అడుగుతారు అందరూ. కలవలేదు. పెద్దబాపు మంచం పట్టినప్పుడు చిన్నత్త చేతి సర్వపిండి తినాలని ఉందని మా బాపు చేతికి డబ్బా ఇచ్చి పంపాడు. చిన్నత్త ఆ రోజు సర్వపిండి పెట్టింది. బాపుకు పెట్టింది, నాకు పెట్టింది, పనివాళ్ళకు పెట్టింది. తర్వాత ఆ డబ్బా కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఖాళీ డబ్బాకు మూత పెట్టి బాపు చేతికిచ్చింది. బాపు దాన్ని తీసుకుపోయి అన్నకు ఇచ్చాడో, దారిలో పారేశాడో నాకు చెప్పలేదు.

చిన్నత్త కూడా ఇప్పుడు లేదు. నేను ఏ కొత్త ఊరికి పోయినా మొదట అడిగేది ఇక్కడ తినడానికి ఏం దొరుకుతుంది అని. ఎక్కడి హోటల్లోనైనా అందరికీ కనిపించే బల్ల చూసుకుని కూర్చుంటాను. అది ఆమె నాకు పెట్టిన అలవాటు. ఆమె పగ కూడా నాకే వచ్చింది. దాన్ని కడుక్కోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

పెద్దబాపు పోయిన కబురు వచ్చిన రోజు నేను డోర్నకల్లోనే ఉన్నాను. మధ్యాహ్నం, మెస్సు నిండా మనుషులు. ఫోన్ ఎత్తింది నేనే. చిన్నత్త చెవిలో చెప్పాను. "పోయిండా," అంది. గరిటె ఆపలేదు. స్నానానికి లేవలేదు, వరంగల్‌కు బయల్దేరలేదు. వచ్చిన ప్రతి మనిషికీ ఎప్పటిలాగే అడిగి అడిగి వడ్డించింది. అందరూ వెళ్ళాక ఆమెకు, నాకు రెండు విస్తర్లు వేశాను. ఆ రోజు మటన్ కూర, జొన్నరొట్టె, తరిగిన ఉల్లిగడ్డ. ఆమె కూర్చుంది. రొట్టె తుంచింది, కూరలో అద్దింది, "ఇది నీకే" అనబోయింది, చెయ్యి నోటిదాకా పోకుండానే ఆగింది. కాసేపు ఆ ముక్కను చూసి విస్తరిలో పెట్టేసింది.

"ఏందో బిడ్డా, ఆకలైతలేదు," అని లేచి చెయ్యి కడుక్కుంది.

నాకు మాత్రం బాగా ఆకలేసింది. నా విస్తరి ఖాళీ చేసి, ఆమెది కూడా నా ముందుకు లాక్కుని తిన్నాను.